సమస్య: వ్రాసినంత నున్న వ్రాత చెరిగె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. రాస్తే రాత మిగలాలి గానీ ఉన్నది చెరగడమేమిటన్నదే చిక్కు. దాన్ని రేడియో స్కానర్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ మీద పూరించాలి. కొత్తవాళ్ల కోసం ఒక మాట: స్కానర్ అంటే జాబితాలోని ఛానెళ్లను ఒకదాని తర్వాత ఒకటి వెతికి వినిపించే రేడియో, ఆ జాబితాను కంప్యూటర్‌లో కూర్చేది ఈ సాఫ్ట్‌వేర్. రీడ్ నొక్కితే స్కానర్‌లో ఉన్నది కంప్యూటర్‌లోకి వస్తుంది, రైట్ నొక్కితే కంప్యూటర్‌లోది స్కానర్‌లోకి పోతుంది. చాలా స్కానర్లలో రైట్ పాత జాబితాకు కొత్తది కలపదు, పాతదాన్ని తీసేసి ఆ చోట కూర్చుంటుంది.

శ్రోత:
కొత్త స్కానరందు కూర్చిన వన్నియు
చదువకుండ ఖాళి జాబితాను
తొందరపడి నేను తోసితి నందులో
వ్రాసినంత నున్న వ్రాత చెరిగె

నాకు జరిగిందే రాశాను. కేబుల్ తగిలించాను, డ్రైవర్ వేశాను, కామ్ పోర్ట్ (కంప్యూటర్ స్కానర్‌తో మాట్లాడే ద్వారం) నంబరు సరిపోయింది. ఆ సంతోషంలో నేరుగా రైట్ నొక్కాను.

నిర్వాహకుడు: సమస్య సహజంగా విడిపోయింది, అన్వయం చక్కగా ఉంది. ‘ఖాళీ’ని ‘ఖాళి’ అని కుదించకండి. ‘వట్టి జాబితాను’ అంటే గణం చెడదు, చ-జ యతికీ ఢోకా లేదు.

తరంగిణి:
పేరు పేరు చేర్చి ప్రియముగ నింపితి
వరుస లెల్ల, పంప వలసినపుడు
చదువు మీట నొక్క జారెను సర్వము
వ్రాసినంత, నున్న వ్రాత చెరిగె

ఇక్కడ ‘నున్న’ అంటే నున్నని, తీరైన అని. విమానాల సంభాషణలు వినే ఛానెళ్ల వరుసలన్నీ కూర్చుకున్నాను. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా మోడ్ ఏఎం అని ఒక్కొక్క గడిలో మార్చాను. 121.5 అత్యవసర ఛానెల్‌కు ప్రయారిటీ కూడా పెట్టాను, అంటే స్కానర్ దాన్ని మాటిమాటికీ చూస్తుంది. ఫైలు సేవ్ చేయకుండా రైట్ బదులు రీడ్ నొక్కాను. స్కానర్‌లోని ఖాళీ వరుసలొచ్చి నా పట్టిక మీద పరుచుకున్నాయి.

శ్రోత: ఆ విరుపు నాకు తట్టనే లేదండీ! ఏఎం సంగతీ మంచిమాట. ఆ బ్యాండ్‌ను ఎఫ్ఎంలో వదిలేస్తే మాట సరిగ్గా వినపడదు, స్కానర్ పాడైందేమో అనుకుంటాం.

నిర్వాహకుడు: విరుపు మెచ్చదగ్గది. ‘సర్వము’ అన్నాక మళ్లీ ‘వ్రాసినంత’ అనడం కొంచెం పునరుక్తి. అయినా పోయినదాని మీద బెంగ అందులో వినిపిస్తోంది, కాబట్టి మార్చమనను.

గాలిమాట:
ముందు చదివి నకలు పొందుగ దాచితి
మరల నదియె వచ్చు మరునిముసము
తప్పు పడిన నేమి? దానికి వెరవను
వ్రాసినంత నున్న వ్రాత చెరిగె

నిర్వాహకుడు: ముందు-పొందు ప్రాసయతి బాగా కుదిరింది. పద్ధతి కూడా ఇదే సరైనది: మొదట రీడ్, ఆ ఫైలును తేదీ వేసి సేవ్, దాని నకలులో మార్పులు, చివర రైట్. కానీ మూడో పాదం దగ్గర వాక్యం ముగిసిపోయింది. సమస్య విడిగా వేలాడుతోంది. చెరగడం మీకు తెలిసే జరిగిందని చెబితే అతుకుతుంది.

గాలిమాట: నిజమేనండీ. మూడో పాదం ఇలా మార్చాను:
దిగులు లేదు నాకు తెలిసియే యిప్పుడు
వ్రాసినంత నున్న వ్రాత చెరిగె

తరంగిణి: ‘తెలిసియే’ అన్న ఒక్క మాటతో పద్యం నిలబడింది. ఒక సందేహం. నాకు రీడ్ నొక్కినా ఒక్కోసారి ‘పోర్ట్ లేదు’ అంటోంది. డ్రైవర్ రెండుసార్లు వేశాను.

గాలిమాట: కేబుల్ మార్చి చూడండి. కొన్ని యూఎస్‌బీ కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. వాటితో స్కానర్ వెలుగుతుంది గానీ కంప్యూటర్‌కు కనపడదు. ఎప్పుడూ ఒకే కేబుల్ వాడుతుంటే కొస దగ్గర వదులైందేమో కదిపి చూడండి.

తరంగిణి: వదులేనండీ, కదపగానే పోర్ట్ కనపడింది. ఇప్పుడే రీడ్ చేసి సేవ్ చేశాను.

నిర్వాహకుడు: సవరించిన పూరణ స్వీకరించాం. శ్రోత గారూ, ‘వట్టి’ చేర్చి మీ పద్యం మళ్లీ పెట్టండి.