హార్డ్ డిస్క్ అయస్కాంతాల ద్రావణంలో ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే పసుపు అవక్షేపం ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
నమస్కారమండి. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం కోఠిలో కొన్న పాత హార్డ్ డిస్కుల అయస్కాంతాలను, నికెల్ పూత తీసేసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించాను. ఆ లేత ఆకుపచ్చ ద్రావణంలో ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే లేత గులాబీ రంగు నియోడిమియం ఆక్సలేటుకు బదులు పసుపు పొడి దిగింది. గాలిలో కాలిస్తే ఇటుక రంగుకు మారింది. పీహెచ్ సరిచేస్తే చాలా?

జవాబు:
చాలదండి. మీకు దిగినది చాలావరకు ఫెర్రస్ ఆక్సలేటు, అంటే Fe²⁺ రూపంలోని ఇనుము ఆక్సలేటు. ఈ అయస్కాంతాల బరువులో నియోడిమియం వంటి రేర్ ఎర్త్ లోహాలు సుమారు 30 శాతమైతే ఇనుము అంతకు రెట్టింపు ఉంటుంది, పైగా ఆమ్లంలో అది ఎక్కువగా ఫెర్రస్ రూపంలోనే కరుగుతుంది కనుక ఆక్సలేటు తగలగానే నియోడిమియంతో పాటే అడుక్కు చేరుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడుతో ఇనుమును ఫెర్రిక్‌గా (Fe³⁺) మార్చవచ్చు. అప్పుడది కరిగే ఉంటుంది గానీ, ఒక్కో ఫెర్రిక్ అయాన్ మూడు ఆక్సలేట్ల వరకు పట్టేసుకుంటుంది, వెలుతురు తగిలితే మళ్లీ ఫెర్రస్‌గా మారి అదే పసుపు పొడి దిగుతుంది.

అందుకే ముందు ఇనుమును విడదీయండి, ఆక్సలేటును చివరికి ఉంచండి. ఇనుమును ఫెర్రస్‌గానే ఉండనిచ్చి, పీహెచ్ 1.5 దాటకుండా చూస్తూ, ద్రావణాన్ని 60-70 డిగ్రీలకు వేడిచేసి, సోడియం సల్ఫేటును కొద్దికొద్దిగా కలుపుతూ తిప్పండి. వేడిలో నియోడిమియం సోడియం ద్విలవణం (రెండు లోహాలూ ఉన్న సల్ఫేటు) సరిగా కరగదు కనుక అది దిగుతుంది, ఇనుము పైద్రావణంలో మిగులుతుంది. డిస్ప్రోసియం అనే మరో రేర్ ఎర్త్ లోహం ఉంటే దానిలో కొంత ఇనుముతో పాటే ఉండిపోవచ్చు. వేడిగా ఉండగానే వడపోసి, వేడి సోడియం సల్ఫేటు ద్రావణంతో కడగండి. తరువాత కాస్టిక్ సోడాతో హైడ్రాక్సైడుగా మార్చి, బాగా కడిగి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, పీహెచ్ 1.5-2 మధ్య ఆక్సాలిక్ ఆమ్లాన్ని నిదానంగా కలపండి. అవక్షేపం దిగేకొద్దీ ఆమ్లం విడుదలవుతుంది, కాబట్టి పీహెచ్‌ను మధ్యమధ్యలో చూసుకోవాలి.

ప్రశ్న:
ఆక్సలేటును బోరు నీటితో కడగవచ్చా?

జవాబు:
వద్దు. మన బోరు నీటిలోని కాల్షియం, మిగిలిన ఆక్సలేటుతో కలిసి మీ పొడిలోనే కాల్షియం ఆక్సలేటుగా చేరుతుంది. స్వేదనజలమే వాడండి. 850-900 డిగ్రీల వద్ద గాలి బాగా ఆడేలా కాల్చితే లేత నీలిరంగు ఆక్సైడు వస్తుంది. మిగిలిన పసుపు పొడిని మాత్రం మూత పెట్టి కాల్చకండి. గాలి అందకపోతే, తరువాత గాలి తగలగానే తనంతట తానే అంటుకునే సన్నటి ఇనుప పొడి మిగలవచ్చు. అయస్కాంతాలు కరిగేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆ పనిని మంటకు దూరంగా, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి.