ఒంటి తాడు మీద దిగుతుంటే ముడి బిగుసుకుని, తర్వాత ఒక్కసారిగా జారుతోంది. రెంచ్ తప్పా, ముడి తప్పా?

చింతకొమ్మ (కందుకూరు):
ఉలవపాడు వైపు పాత మామిడి, చింత చెట్లకు కొమ్మలు కొట్టే పని. తాడును పంగ మీదుగా రెండు పేటలుగా వేసే పద్ధతి నుంచి ఒంటి తాడుకు మారాం. తాడు 11.7 మి.మీ., ముడితాడు 8 మి.మీ. పాలిస్టర్, వీటీ ముడి (తాడు చుట్టూ చుట్టి అల్లే, బరువు పడితే పట్టే ముడి), దాని పైన రోప్ రెంచ్ (తాడు మీద రాపిడి పెంచే లోహపు పరికరం). ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు మాత్రం ముడి రాయిలా బిగుసుకుంటుంది. గట్టిగా గుంజితే రెండడుగులు దభీమని జారుతుంది. పది మీటర్లు దిగేసరికి ముడితాడు మెరుపు తేలి గట్టిపడుతోంది. సామానుతో కలిపి బరువు 85 కిలోలు. ముడిలో ఒక చుట్టు తగ్గిస్తే సరిపోతుందా? లేక రెంచ్ తీసేసి ఎనిమిది రింగు (8 అంకె ఆకారంలో ఉండే, తాడు మీద దిగే పరికరం) పెట్టుకోమంటారా?

పంగతాడు:
చుట్ల జోలికి పోవద్దన్నా. ప్రాణం మోసేది ముడి, రెంచ్ కాదు. రెంచ్ లేకపోయినా ముడి ఒక్కటే 85 కిలోలూ పట్టి ఆపాలి. చుట్టు తగ్గిస్తే పోయేది ఆ పట్టే.

రెండు పేటల మీద ముడి మోసేది దాదాపు సగం బరువే, మిగతా సగం రెండో పేట మీద ఉంటుంది. ఒంటి తాడు మీద మొత్తం బరువు ముడి మీదే పడుతుంది కాబట్టి బిగుసుకోవడం సహజం. అందుకే పైన రెంచ్. అది తాడును వంచి, ఆ రాపిడితో కొంత బరువు తన మీదికి తీసుకుంటుంది. అలా తీసుకోవాలంటే టెదర్ (రెంచ్‌ను ముడి కింది కొక్కేనికి కలిపే ముక్క) దాన్ని కిందికి లాగి తిప్పాలి.

నేలకు అడుగెత్తున వేలాడి చూడండి. టెదర్ బిగుతుగా ఉందా, వదులుగా ఉందా? రెంచ్ నిటారుగా నిలబడిందా, ముడి మీదికి వాలిందా? ముడి తలకూ రెంచ్ అడుగుకూ మధ్య ఎంత సందు ఉంది?

మెరుపు తేలిన ముడితాడును పారేయండి. పాలిస్టర్ 250 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, మెరుపంటే పైపొర అప్పటికే కరగడం మొదలైందన్నమాట. అరామిడ్ (వేడిని బాగా తట్టుకునే నార) కలిసిన ముడితాడు కొనండి. డైనీమా లాంటివి ముడికి అసలు వద్దు, అవి 150 లోపే కరుగుతాయి.

చింతకొమ్మ:
మెత్తటి పట్టీతో కుట్టించిన టెదర్ అన్నా. కూర్చుంటే రెంచ్ వాలి ముడి మీదే ఆనుకుంటోంది. టెదర్‌లో నాలుగు వేళ్ల వదులుంది.

పంగతాడు:
అదిగో, దొరికింది. ఆ నాలుగు వేళ్ల వదులు తీరేదాకా రెంచ్ పనిలోకి రాదు, బరువంతా ముడి మీదే. మీరు గుంజుతారు, ముడి వదులుతుంది, వదులు తీరేదాకా ఆపేది లేక జారతారు. ఉలిక్కిపడి చేయి ఇంకాస్త గుంజుతుంది, రెండడుగులూ అట్ట అవుతాయి.

కంపెనీ తయారుచేసిన గట్టి టెదర్ కొనండి, అది రెంచ్‌ను నిటారుగా నిలబెడుతుంది. బరువు పడ్డాక ముడి తలకూ రెంచ్‌కూ మధ్య ఒకటి రెండు వేళ్ల సందు చాలు. అసలు సందే లేకపోతే ఇంకా ప్రమాదం: ముడి రెంచ్‌కు ఆనుకుని బిగుసుకోలేక జారిపోతుంది. ముడితాడు వాడకంతో సాగుతుంది, కాబట్టి ఈ సందు రోజూ పొద్దున చూసుకోవాలి.

దిగేటప్పుడు ముడి తల మీద వేళ్లతో నొక్కితే చాలు, పిడికిలి పట్టి గుంజొద్దు. రెండో చేయి నడుము దిగువన తోక (ముడి కింద వేలాడే తాడు) మీద, అసలు బ్రేకు అదే. పైన ఉన్నప్పుడు తోక బరువే కొంత బ్రేకు వేస్తుంది, 20 మీటర్ల తాడు రెండు కిలోల దాకా తూగుతుంది. నేల దగ్గరపడే కొద్దీ ఆ బరువు పోతుంది, అదే ముడి అక్కడ వేగంగా జారుతుంది. చివరి మూడు మీటర్లలో ఒళ్లు దగ్గర పెట్టుకోండి.

సముద్రగాలి:
ఎనిమిది రింగు గురించి అడిగారు. కోత అయిపోయి నేరుగా కిందికి దిగడానికైతే పనికొస్తుంది. పైకీ కిందికీ కదులుతూ కొట్టే పనికి పనికిరాదు: తాడును మెలి తిప్పుతుంది, చేయి వదిలితే దానంతట అది ఆగదు. కింద ఆటోబ్లాక్ ముడి (చేయి వదిలితే తాడును పట్టేసే చిన్న ముడి) తప్పనిసరి. 6 లేక 7 మి.మీ. తాడుతో నాలుగైదు చుట్లు వేసి బెల్టుకు తగిలించండి. ఎనిమిదిని పట్టీతో ఒక అడుగు పైకి ఎత్తాలి. ఆటోబ్లాక్ దానికి తగిలితే చుట్లు వదులై పట్టదు. ఒక పరికరం నుంచి ఇంకోదానికి మారేటప్పుడు నడుం తాడు చెట్టు కాండానికి చుట్టి, కొత్తదాని మీద బరువు వేసి చూశాకే పాతది విప్పండి.

తాడు అడుగు చివర మొదలుకే కడుతున్నారా? అట్టయితే పంగకు రెండు వైపులా తాడు లాగుతుంది కాబట్టి దాని మీద పడేది 85 కాదు, దాదాపు 170 కిలోలు. పాత మామిడిలో కాండం తొలిచే పురుగు లోపల డొల్ల చేసినా బెరడు పైకి బాగానే కనిపిస్తుంది. ఎక్కే ముందు ఇద్దరు తాడుకు వేలాడి కుదిపి చూడండి.

కొత్తపట్నం, ఉలవపాడు వైపు ఇసుక తాడులో చేరితే తాడుతోపాటు రెంచ్ లోహాన్నీ అరగదీస్తుంది. మంచినీళ్లలో కడిగి నీడన ఆరేయండి. రంపం పెట్రోలు, బ్యాటరీ ఉన్న చోట తాడు పెట్టొద్దు. యాసిడ్ తగిలిన నైలాన్ పైకి బాగానే ఉంటుంది, బరువు పడ్డప్పుడు తెగుతుంది.

చింతకొమ్మ:
అవునన్నా, మొదలుకే కడుతున్నాం. గట్టి టెదర్ వచ్చాక ఎట్ట పరీక్షించాలి?

పంగతాడు:
మీటరు ఎత్తుకు ఎక్కి కూర్చుని రెండు చేతులూ వదిలేయండి, పదిసార్లు. ప్రతిసారీ ముడి దానంతట అదే పట్టాలి. తర్వాత రెంచ్ తీసి, ముడి ఒక్కదాని మీద ఇంకో మూడుసార్లు. ఒక్కసారి జారినా ఒక చుట్టు పెంచి మొదటి నుంచి చూడండి. ఈశాన్య రుతుపవనాల వానల్లో తడిసిన తాడుకు ఇదంతా మళ్లీ చేయాలి, ఎండలో కుదిరిన ముడి తడిలో అలాగే పట్టదు.