వైరింగ్ పనికి బ్యాటరీ హ్యామర్ డ్రిల్లు సరిపోతుందా?

నమస్కారం. నేను గుంటూరు చుట్టుపక్కల కొత్త ఇళ్లకు వైరింగ్ చేస్తాను. మా తమ్ముడు తోడుగా ఉంటాడు. ఇప్పటివరకు మా పనిముట్లన్నీ కరెంటు వైరుతో నడిచేవే. 800 వాట్ల హ్యామర్ డ్రిల్లు, గోడలో పైపులకు గాడి తీసే కట్టర్, ఒక చిన్న డ్రిల్లు.

పోయిన నెల మీటరు ఇంకా పడని ఇంట్లో, పక్కింటి నుంచి సన్నని వైరు 40 మీటర్లు లాగి పనిచేశాం. అంత దూరంలో వోల్టేజీ పడిపోయి హ్యామర్ ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ట) కాలిపోయింది. అంతకంటే నన్ను భయపెట్టింది మరొకటి. నిచ్చెన మీదున్న తమ్ముడి కాలికి వైరు చుట్టుకుంది. పడలేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే 18 వోల్టుల బ్రష్‌లెస్ (మోటారులో కార్బన్ బ్రష్‌లు లేని) బ్యాటరీ హ్యామర్ కొనాలనుకుంటున్నాను. కానీ 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 90 వాట్ అవర్లే (18 × 5), అంటే 90 వాట్ల చొప్పున గంటసేపు వచ్చే శక్తి. 800 వాట్లు లాగితే ఏడు నిమిషాలైనా రాదు. డ్రిల్లు అంత నిండుగా ఎప్పుడూ లాగదని తెలుసు. అయినా స్లాబులో ఫ్యాన్ హుక్కులకు, క్లాంపులకు రోజంతా రంధ్రాలు వేసేవారికి ఎన్ని బ్యాటరీలు కావాలి? మన మే నెల ఎండలో వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌లో పెడుతున్నారా, చల్లారనిస్తున్నారా? ఎన్నేళ్లు వస్తున్నాయి?

కట్టర్ మాత్రం వైరుదే ఉంచుకుంటాను, దానికి ఆగని శక్తి కావాలి. ఇది సరైన ఆలోచనేనా? రోజూ స్లాబు మీద పనిచేసేవారు దయచేసి మీ అనుభవం చెప్పండి. ఒక కంపెనీ బ్యాటరీ మరో కంపెనీ పనిముట్టుకు సాధారణంగా పట్టదు కాబట్టి, మొదటి కొనుగోలులోనే పొరపాటు జరగకూడదని నా ఆరాటం.