అప్‌డేట్: మీడియం సర్టిఫికెట్ సరిపోలేదు, ఐఈఎల్‌టీఎస్ రాసేశాను

"ఒకటో తరగతి నుంచి బీటెక్ దాకా ఇంగ్లిష్ మీడియమే, అమెరికాలో ఎంఎస్‌కి కాలేజీ ఇచ్చే మీడియం సర్టిఫికెట్ చాలదా?" అని అడిగాను కదా. నేను అప్లై చేస్తున్న రెండు యూనివర్సిటీలకూ మెయిల్ పెడితే, రెండూ ఇంగ్లిష్ పరీక్ష స్కోరు ఉండాల్సిందే అన్నాయి. ఇక తప్పదని పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి విజయవాడ వెళ్లి ఐఈఎల్‌టీఎస్ అనే ఆ ఇంగ్లిష్ పరీక్ష రాసొచ్చాను.

స్పీకింగ్‌లో టాపిక్ రాసున్న కార్డు చేతికిచ్చి ఒక్క నిమిషం ఆలోచించుకోమన్నారు. ఆపైన ఆగకుండా రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. నాకొచ్చింది ఇష్టమైన వంట. గోంగూర పచ్చడి తప్ప ఇంకేం గుర్తు రాలేదు, గోంగూరని ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలిస్తేగా! "పుల్లటి ఆకు" అంటూ నెట్టుకొచ్చాను.

9కి లిజనింగ్, రీడింగ్ చెరో 7.5, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6. సగటు 6.875 కాబట్టి 7 వేశారు. ఒక యూనివర్సిటీకి మొత్తం మీద 6.5 చాలు, గట్టెక్కాను. రెండోది ప్రతి సెక్షన్‌లోనూ 6.5 అడుగుతోంది. ముందే చూసుకోకపోవడం నా తెలివితక్కువతనమే. కంప్యూటర్‌లో రాశాను కనక 60 రోజుల్లోపు రైటింగ్ ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. కానీ ఆ స్కోరు అన్నిచోట్లా తీసుకోరు, అందుకే అడుగుతూ మెయిల్ పెట్టాను. జవాబొచ్చాకే ఫీజు కడతా.

సర్టిఫికెట్ కోసం కాలేజీ ఆఫీసులో కట్టిన డబ్బులు మాత్రం కృష్ణార్పణం.