కొందరి బకాయికి కాలనీ మొత్తానికి కరెంటు తీసేయొచ్చా?

పడమటి వీధి
మా ఎస్సీ కాలనీలో కరెంటు పోయి నాలుగు రోజులైంది. ఉన్నవి 62 ఇళ్లు. బకాయి ఉందని కరెంటు ఆఫీసు వాళ్లు చెబుతున్నవి 38. మిగతా 24 ఇళ్ల మీద పైసా బాకీ లేదు. అయినా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆపేసి వెళ్లారు కాబట్టి కట్టినవాళ్లూ కట్టనివాళ్లూ అందరం చీకట్లోనే ఉన్నాం. తాగునీటి బోరు మోటారు కూడా దాని మీదే నడుస్తుంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఊరవతలి చేతిపంపు దాకా నడుస్తున్నారు. పక్కింటి అవ్వ ఇన్సులిన్ సీసాకు తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టుకుంటోంది.

ఈ బకాయి ఎక్కడిదో కూడా చెప్పాలి. మా ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 100 యూనిట్ల దాకా ఉన్న ఉచితాన్ని 2019లో 200కి పెంచారు. మాకు ఏళ్ల తరబడి సున్నా బిల్లులే వచ్చాయి. తర్వాత ఒకరికి కుల ధ్రువపత్రం సర్వీసు నంబరుకు ఎక్కలేదన్నారు, ఇంకొకరికి మీటరు చనిపోయిన తాత పేరు మీదే ఉందన్నారు. అలా రాయితీ తీసేసి వెనకటిదంతా ఒకేసారి వేశారు. ఒక ఇంటికి 9 వేలు, ఇంకో ఇంటికి 23 వేలు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇళ్లు ఇవి. ముందు లైను ఇవ్వండి, లెక్క తర్వాత తేల్చుకుందాం అని అర్జీ పెట్టాం. ఇది న్యాయమో కాదో చెప్పండి.

మెయిన్ బజార్
బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను. నాది చిన్న కిరాణా కొట్టు. ఒక నెల గడువు దాటితే మర్నాడే మనిషి వచ్చి నిలబడతాడు. ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అంటూ ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కూడా కడుతున్నాను. వసూలు కాని సొమ్ము భారం చివరికి నాలాంటివాడి మీదే పడుతుంది. ముందు లైను ఇచ్చేస్తే ఆ 38 ఇళ్లలో తర్వాత కట్టేదెవరు? సగమైనా కట్టి అడగండి.

పాత లైన్‌మేన్
ముప్పై ఏళ్లు స్తంభాలెక్కిన మనిషిని, పని సంగతి చెబుతాను. బకాయి ఉన్న ఇంటికి కరెంటు ఆపాలంటే ఆ ఇంటి సర్వీసు వైరును స్తంభం మీద విప్పాలి. అంటే 38 సార్లు నిచ్చెన వేయాలి, 38 గుమ్మాల దగ్గర మాటలు పడాలి. అదే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (లైను మొత్తాన్ని ఆపే మీట) దించితేనో, ఫ్యూజులు పీకితేనో రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. పైనుంచి వసూళ్ల టార్గెట్ ఉంటుంది, కింద మనుషులు చాలరు. అందుకని కట్టినవాళ్ల చేతే కట్టనివాళ్లను తిట్టించి డబ్బు రాబట్టాలని చూస్తారు. నా సర్వీసులో నేనూ రెండుసార్లు ఆ పని చేశాను. ఒకసారి ఆ వీధిలో బాలింత ఉందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది తప్పు, ఎవరు చేసినా తప్పే.

కోర్టు వీధి
2003 విద్యుత్ చట్టంలో సెక్షన్ 56 ఉంది. బకాయి పడ్డ మనిషికి 15 రోజులకు తక్కువ కాకుండా రాతపూర్వక నోటీసు ఇచ్చి, ఆ మనిషి సరఫరా ఆపవచ్చు. పక్కింటివాడి సరఫరా ఆపమని అందులో ఎక్కడా లేదు. పడమటి వీధి తమ్ముడూ, నోటీసులు వచ్చాయా?

అదే సెక్షన్‌లో చాలామంది చూడని మాట ఇంకొకటి ఉంది. బిల్లు మీద తగాదా ఉంటే, అభ్యంతరం తెలుపుతూ అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన అయ్యే సొమ్ము గానీ, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. కడితే తగాదా తేలేదాకా లైను తీయకూడదు. మెయిన్ బజార్ గారూ, మీరు అడిగిన 'కొంత కట్టడం' చట్టంలోనే ఉంది. కానీ సగం అని కాదు. సున్నా బిల్లులు వచ్చిన ఇంటికి ఆ సగటు ఎంత అవుతుందో మీరే ఆలోచించండి.

పాత బకాయికి చట్టం పెట్టిన రెండేళ్ల గడువు సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. మొదట కట్టాల్సి వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు దాటిన సొమ్మును, బిల్లుల్లో వరసగా బకాయిగా చూపిస్తూ వస్తేనే వసూలు చేయాలి. పొరపాటున వేయని సొమ్మును తర్వాత అడగవచ్చని, అయితే రెండేళ్లు దాటాక దానికోసం కరెంటు తీయకూడదని 2020 ఫిబ్రవరిలో అజ్మీర్ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పాత బిల్లు కాగితాలు ఒక్కటీ పారేయొద్దు. వాటిలో బకాయి గడి ఖాళీగా ఉందా లేదా అన్నదే మీ కేసు.

ఇంకా, సెక్షన్ 65 ప్రకారం రాయితీ సొమ్మును ప్రభుత్వం డిస్కంకు ముందే కట్టాలి. అర్హత ఉన్న ఇంటికి కంప్యూటర్లో పేరు కలవకపోతే, అది కలిపి సర్కారు దగ్గర రాబట్టుకోవాల్సిన సొమ్ము. కూలివాడి మెడకు చుట్టేది కాదు.

మెయిన్ బజార్
సెక్షన్ 65 సంగతి నాకు తెలియదు. కట్టిన 24 ఇళ్లకు తీయడం అన్యాయమే, అందులో రెండో మాట లేదు. నాకే అలా చేస్తే ఊరుకోను. కానీ ఆ 38 ఇళ్లలో నెలకు 200 యూనిట్లు దాటినవి ఉంటే? ఏసీలున్న ఇల్లు ఒక్కటి ఉన్నా అందరి మాటా పోతుంది. ఇంటింటి లెక్క బయటపెట్టండి.

పడమటి వీధి
పెడతాం. రాత్రి టార్చి వెలుతురులో అందరి కాగితాలు రాసుకున్నాం. దాటినవి మూడు ఇళ్లు. ఒకటి పిండిమర, రెండు ఇళ్లలో ఎండాకాలం కూలర్లు. వాళ్లు దాటిన నెలలకు కడతామంటున్నారు. నోటీసులు ఒక్క ఇంటికీ రాలేదు, మైకులో చెప్పిపోయారంతే. 31 ఇళ్ల పాత బిల్లుల్లో బకాయి దగ్గర సున్నా అనే ఉంది.

కోర్టు వీధి
అయితే రెండు అర్జీలు వేరుగా రాయండి. బాకీ లేని 24 మంది సంతకాలతో ఒకటి, అందులో లైను తప్ప ఇంకేమీ అడగొద్దు. అభ్యంతరంతో కట్టేవాళ్లది ఇంకొకటి. రెండింటికీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులో ముద్ర వేయించుకోండి. కదలకపోతే డిస్కం ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి.

పాత లైన్‌మేన్
బోరు మోటారు సర్వీసు నంబరు ఆ మొదటి అర్జీలో అన్నిటికన్నా పైన రాయి నాయనా. తాగునీటి సర్వీసు ఆపామని ఫైలెక్కితే ఏ ఆఫీసరూ సంతకం పెట్టడానికి ధైర్యం చేయడు. మీ మండలం నాకు అరగంట దూరం. పొద్దున తొమ్మిదికి ఆఫీసు దగ్గర ఉంటాను.