నాన్న కరెంటు బిల్లు నేను ఫోన్లో కట్టేశానని రెండ్రోజులుగా మాట్లాడట్లేదు, తప్పు నాదేనా?

కొరిటెపాడు కుర్రోడు:

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై రెండేళ్ళు గుమస్తాగా చేసి మానేశారు, నేను వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల ఆర్నెల్లుగా ఇంటి దగ్గరే ఉంటున్నా. మొన్న మీటర్ రీడింగ్ వాళ్ళొచ్చి బిల్లు చేతిలో పెట్టి ఇంకా గేటు దాటలేదు, నేను సర్వీస్ నంబర్ కొట్టి కట్టేశా, మొత్తం కలిపి అర నిమిషం. గొప్ప పని చేసినట్టు నాన్నా బిల్లు కట్టేశా అని చెప్తే ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఒక చూపు చూసి, నీకెందుకురా అంత తొందర, లెక్క చూశావా అన్నారు. ఇక అంతే, అప్పట్నుంచి అన్నం పెట్టమని అమ్మతోనే, టీవీ సౌండ్ తగ్గించమని కూడా అమ్మ ద్వారానే.

ఆ లెక్క ఏంటో చెప్తా. బిల్లు రాగానే ఆయన పాత డైరీ తీసి స్లాబులు వేస్తారు. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున 57, తర్వాత 75 దాకా 3 రూపాయల లెక్కన 135, 125 దాకా నాలుగున్నర చొప్పున 225, ఆపైన ఆరు రూపాయలు. మొన్న 180 యూనిట్లు వచ్చింది, ఆ 55కి 330, మొత్తం 747, దీనిమీద ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ, సర్దుబాటు చార్జీ ఒక్కోటి ఒక్కో లైను. పోయిన నెల ఏ తారీఖున తీశారు ఈ నెల ఏ తారీఖున తీశారు అని రోజులు కూడా లెక్కేస్తారు, నాలుగు రోజులు లేటుగా తీస్తే పై స్లాబులోకి పోతుందని. యార్డులో చిట్టా ఆవర్జా రాసిన చెయ్యి కదా. అంతా సరిపోతే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్సెల్ బండి తీసి కరెంటాఫీసు కౌంటరుకి పోయి కడతారు, రసీదు తెచ్చి జిరాక్స్ తీయించి ఫైల్లో పెడతారు. ఎందుకు జిరాక్స్ అంటే ఆ మిషన్ కాగితం మీద అక్షరాలు ఏడాదికి మాయమైపోతాయంట, అది మాత్రం నిజమే, 2021వి తీసి చూస్తే తెల్ల కాగితాలు.

శంకర్ విలాస్ రైల్వే బ్రిడ్జి కూల్చేసిన దగ్గర్నుంచి అవతలికి పోవాలంటే మూడొంతెనల దగ్గర ఎంత నరకమో గుంటూరోళ్ళకి చెప్పక్కర్లేదు, 71 ఏళ్ళ మనిషి ఆ ట్రాఫిక్‌లో తిరగటం ఎందుకని నా బాధ. ఇప్పుడు నేను సారీ చెప్పాలా లేక పద్ధతి మార్చుకోమని గట్టిగా చెప్పాలా?

పునుగులు:

నువ్వు కట్టింది బిల్లు కాదు బ్రో, మీ నాన్న అవుటింగ్ క్యాన్సిల్ చేశావ్.

ఆటోనగర్ అన్న:

పై తమ్ముడు కరెక్ట్‌గా చెప్పాడు. నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ కొట్టు, రోజుకి ఎంతమందిని చూస్తానో. పెద్దవయసోళ్ళు ఒక బోల్టు కోసం వచ్చి గంట కూచుంటారు, బోల్టుకి గంట ఎందుకు, టీ తాగాలి, డీజిల్ రేటు తిట్టాలి, మన కొడుకు ఏం చేస్తన్నాడో అడగాలి. 2016 నవంబర్ 8 రాత్రి నోట్లు రద్దన్నాక ఆర్నెల్లు చచ్చాం, అప్పుడు కొట్లో స్వైప్ మిషన్ పెట్టాను, దాన్ని చూసి నవ్వినోళ్ళే ఇప్పుడు ఇరవై రూపాయల వాషర్‌కి కూడా స్కాన్ చేస్తన్నారు. మంచిదే, చిల్లర గొడవ పోయింది, రాత్రి గల్లా లెక్క తేలిక. కానీ ఒకడు హడావిడిగా వచ్చి డబ్బు పోయినట్టు ఫోన్లో బొమ్మ చూపించి 2400 సామాను పట్టుకెళ్ళాడు, సాయంత్రం బ్యాంకులో చూస్తే పైసా లేదు. అప్పట్నుంచి ఆ సౌండ్ బాక్సు అరిస్తేనే సామాను కౌంటరు దాటుద్ది, కొన్నిసార్లు సిగ్నల్ లేక అది అరవదు, నేనూ కస్టమరూ ఇద్దరం దాని మూతి చూస్తా నిలబడతాం. ఏదో దేవుడి వాక్కు కోసం చూసినట్టు.

తమ్ముడూ ఇంటిపన్ను మాత్రం నువ్వే కట్టు, ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు, ఆ నెలాఖరున కౌంటరు దగ్గర నిలబడితే ఎండకి పడిపోతారు. కరెంటు బిల్లు నాన్నగారికి వదిలెయ్.

సింగ్‌నగర్ మేడమీద:

నేను కొంచెం వేరే మాట చెప్తా, పెద్దాయన దగ్గర నోట్లు ఉంటాయి చూడండి, దాన్ని తక్కువ చెయ్యకండి.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం, బుడమేరు వాగు పొంగినరోజు మేము బెజవాడ సింగ్‌నగర్‌లోనే. పొద్దున లేచేసరికి మెట్ల దగ్గర నీళ్ళు, మధ్యాహ్నానికి కింద పోర్షన్ కిటికీ దాకా. కరెంటు పోయింది, ఫోన్ చార్జింగ్ సాయంత్రానికి అయిపోయింది, పర్సులో చూస్తే పద్నాలుగు రూపాయలు, జీతం అంతా బ్యాంకులో ఉంది, ఏం లాభం. కింద పోర్షన్ తాతగారిని మేమే పైకి మోసుకొచ్చాం, ఆయన ఒక హార్లిక్స్ సీసా మాత్రం వదల్లేదు, అందులో వందలూ ఐదొందలూ చుట్టి ఉన్నాయి. మర్నాడు మా పాపకి పాలు కావాలని ప్రైవేటు పడవోడిని బతిమాలితే వాడు అడిగింది నోట్లే, అడిగిన రేటు చెప్తే మీరు నమ్మరు. తాతగారే ఇచ్చారు. తర్వాత మేడ మీద డ్రోన్ వచ్చి అన్నం పొట్లాలు దింపి పోయింది, అదీ చూశా ఇదీ చూశా, ఒకే వారంలో డ్రోనూ హార్లిక్స్ సీసా రెండూ మమ్మల్ని బతికించాయి. ఏ ప్రభుత్వం టైంలో వాగు కట్టలు పట్టించుకోలేదు అన్న గొడవ ఇక్కడ మొదలుపెట్టకండి దయచేసి, మా బీరువా తలుపులు ఇప్పటికీ సరిగ్గా పడవు, ఆ గొడవ ఎవడు గెలిచినా నాకొకటే.

ఇప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ మూడు వేలు నోట్లు ఉంటాయి. ముందు బియ్యం డ్రమ్ములో పెట్టా, అది కూడా మునుగుద్ది కదయ్యా అని మా ఆవిడ తిడితే అటక మీదకి మార్చా.

పెదకాకాని కోడలు:

మా అత్తయ్యగారి సంగతి చెప్తాను, మీ నాన్నగారి కథకి రివర్సు. ఆవిడకి 4000 పెన్షన్. ఇదివరకు వాలంటీర్ అబ్బాయి ఒకటో తారీఖు తెల్లారకముందే తలుపు కొట్టేవాడు, ఇప్పుడు సచివాలయం అమ్మాయి వస్తుంది, ఎవరొచ్చినా ఆవిడకి పండగే. ముందురోజు రాత్రే చీర తీసి పెట్టుకుంటుంది, పొద్దున్నే అరుగు మీద కూచుని వీధి చివర చూస్తా ఉంటుంది. అసలు తంటా వేలిముద్రల దగ్గర. కోల్డ్ స్టోరేజీలో ఏళ్ళ తరబడి మిరపకాయలకి తొడిమలు తీసింది, వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, మిషన్ మీద పెడితే ఎర్రలైటు. బొటనవేలు తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తుడిచి, పది సార్లు. ఆ అమ్మాయి విసుక్కోకుండా ఆఖరికి ఫోన్ పెట్టి ముఖం చూపించమంటే అప్పుడు తీసుకుంది. దానికి మా అత్తయ్య, ముఖం చూసి ఇచ్చేదానికి ఇంతసేపు నా వేళ్ళెందుకు నలిపావే పిల్లా అని. ఆ అమ్మాయి కాఫీ తాగి పోయేదాకా వదల్దు.

ఆ డబ్బులు డైరెక్ట్‌గా బ్యాంకులో వేస్తే సరిపోద్ది కదా అని మా ఆయన ఒకసారి అన్నారు. ఆరోజు మా అత్తయ్య మొహం చూడాల్సింది.

గట్టుమీద కాకి:

అంత మంచి వాలంటీర్ వ్యవస్థని పీకేశారు, 2024 ఏప్రిల్‌లో ముసలోళ్ళు ఎండలో సచివాలయాల చుట్టూ తిరిగారు అది మర్చిపోయారా అందరూ

ఎనికేపాడు ఎక్స్‌ప్రెస్:

వాలంటీర్లు పెన్షన్ పంచొద్దన్నది ఎలక్షన్ కమిషన్ ఆర్డర్ బాబాయ్, ఎవరు ఎందుకు ఆపారో అప్పుడే నాలుగు నెలలు కొట్టుకున్నాం. ఇప్పుడు వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు వస్తున్నాయి, మన మిత్ర అని గవర్నమెంటు వాట్సాప్ సర్వీసు ఉంది కదా, దాంట్లో మా చెల్లి ఇంట్లో కూచుని తీసుకుంది, అది కూడా ఒప్పుకో

గట్టుమీద కాకి:

వాట్సాప్ ఉన్నోళ్ళకి. పెదకాకాని అక్క వాళ్ళ అత్తగారికి వాట్సాప్ ఉందా అడుగు

పెదకాకాని కోడలు:

ఉంది అన్నా, గుడ్ మార్నింగ్ బొమ్మలు నాకు రోజుకి ఆరు పంపుతుంది. సర్టిఫికెట్ తీసుకోవటం మాత్రం రాదు, నేనే తీస్తా. మీరిద్దరూ వేరే చోట కొట్టుకోండి.

పునుగులు:

కరెంటు బిల్లు దగ్గర మొదలై ఎలక్షన్ కమిషన్ దాకా పోయింది, మనోళ్ళకి ఇంత టైం పట్టిందేంటా అని ఎదురుచూస్తున్నా

కొరిటెపాడు కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా.

నిన్న సాయంత్రం నేనే దగ్గరికి పోయి, నాన్నా మొన్నటి బిల్లు లెక్క సరిపోయిందో లేదో నాకు తెలీదు, ఒకసారి చూస్తారా అని బిల్లూ డైరీ ముందు పెట్టా. ముందు పట్టించుకోనట్టు పేపర్ తిప్పారు. ఓ అయిదు నిమిషాలకి పెన్ను ఏది అన్నారు. 747 దగ్గర సరిపోయింది, కింద చార్జీల దగ్గర ఆగి ఇదేంటి పోయిన నెల కంటే ఎక్కువుంది అని గొణుక్కుంటా పాత బిల్లుల జిరాక్సులన్నీ మంచం మీద పరిచారు, నేనూ కూచున్నా, అమ్మ కూడా వచ్చి కూచుంది. అక్కడ్నుంచి యార్డు కబుర్లు. ఒకసారి కాటా చీటీలో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఒకటి తేడా వస్తే షావుకారు తన మీద అరిచాడంట, ఈయన రాత్రి పదింటిదాకా కూచుని తప్పు షావుకారు కూడికలోనే ఉందని తేల్చారంట. ఈ కథ నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు, అమ్మ మాత్రం వంద సార్లు విన్నట్టు మొహం పెట్టింది.

ఒప్పందం ఏంటంటే కరెంటు బిల్లు ఆయనది, ఇంటిపన్ను నాది. ఆటోనగర్ అన్న చెప్పిన 5 శాతం సంగతి చెప్తే అది నాకు తెలీదనుకున్నావా అన్నారు. సింగ్‌నగర్ అన్న రాసింది చదివి వినిపిస్తే ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి బీరువాలోంచి ఏదో తీసి మళ్ళీ పెట్టి వచ్చారు, మా ఇంట్లో కూడా ఒక హార్లిక్స్ సీసా ఉందని నాకు అనుమానం.

పొద్దున కాఫీ తాగుతా, ఆ ఫోన్లో కట్టిన రసీదు నా ఫోన్‌కి పంపరా అన్నారు. పంపా. ఎక్సెల్ బండి తీసుకుని ఎటో పోయారు, గంటన్నర తర్వాత వచ్చారు. దాన్ని ప్రింట్ తీయించి, ఆ ప్రింట్‌కి ఇంకో జిరాక్స్ తీయించుకుని వచ్చారు.