తుఫాను వెళ్లాక వారాల తరబడి నీరు నిలిచే తీర గ్రామాలకు నిజంగా ఏం కావాలి?

ప్రశ్న: పెరంబూరు నివాసి

అందరికీ నమస్కారం. చెన్నైలో పెరంబూరు, కొళత్తూరు, వ్యాసర్పాడి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువాళ్లం కొందరం నెలనెలా కొంత సొమ్ము పోగుచేస్తున్నాం. 2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిచౌంగ్ తుఫాను వాన మా వీధులను ముంచింది; 5వ తేదీన అది బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ నీరు తీసి, కరెంటు వచ్చి, ప్రభుత్వం రేషన్ కార్డుకు రూ. 6,000 చొప్పున ఇచ్చాక ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. అయితే మాలో తడ, సూళ్లూరుపేట వైపు చుట్టాలున్నవాళ్లు చెప్పేది వేరు. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల్లో గాలివాన ఒక్క రాత్రిలో పోయినా, పల్లపు ప్రాంతాలలో నీరు మాత్రం రోజుల తరబడి కదలదని వారంటారు.

సాయం అనగానే మనకు తోచేవి పులిహోర పొట్లాలు, బిస్కట్లు, నీళ్ల సీసాలు, బీరువాలోని పాత బట్టలు. మొదటి రెండు రోజులకు వీటిలో కొన్ని పనికివస్తాయేమో గాని, రెండు మూడు వారాలు నీటి మధ్య బతకవలసిన కుటుంబానికి అసలు ఏమేమి కావాలి, వాటిని ఎప్పుడు అందించాలి అన్నది మాకు తెలియడం లేదు. సూళ్లూరుపేట లోకల్ రైలు ఎక్కితే చేరుకోగలిగినంత దగ్గరలో ఉన్నాం కనుక ఒక్క పల్లెకైనా సరిగ్గా సాయపడాలని కోరిక. ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యేలోపు ఒక నిర్ణయానికి రావాలి. ఏ ప్రభుత్వం ఏం చేసింది, ఏం చేయలేదు అన్న చర్చ ఇక్కడ వద్దని మనవి.

జవాబు: రాయపురం నర్సు

నేను వరద ప్రాంతాల వైద్య శిబిరాలలో పనిచేశాను. నా లెక్కలో తాగునీరు మొదటిది, మరుగుదొడ్డి రెండోది. అన్నం వాటి తరువాతే, ఎందుకంటే అన్నం ఎవరో ఒకరు వచ్చి పెడతారు.

సహాయక సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలి. అంటే ఐదుగురున్న ఇంటికి 75 లీటర్లు. లీటరు సీసాలను లారీ నిండా తీసుకెళ్లినా ఊరికి ఒక పూటకు చాలవు, పైగా ఖాళీ సీసాలు పోయి ఉన్న కాస్త తూములోనూ అడ్డం పడతాయి. ఆ డబ్బుతో ట్యాంకరు కిరాయి కట్టండి, మూత, కుళాయి ఉన్న 20 లీటర్ల డబ్బాలు ఇంటికి రెండేసి ఇవ్వండి. ట్యాంకరు నీరు ఎంత మంచిదైనా, ఇంటికి చేరాక వెడల్పు మూతి బిందెలో పోసి, పిల్లలు చెంబుతో, చేత్తో ముంచుకుంటే ఆ మంచితనం సాయంత్రానికి మిగలదు. ట్యాంకులో నిలవ చేసిన తేట నీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంటసేపు ఆగాలి. నీరు మురికిగా ఉంటే ముందు తేర్చి వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ అంతా ఆ మురికికే ఖర్చయిపోతుంది.

ఇక మరుగుదొడ్డి సంగతి ఎవరూ పైకి చెప్పరు. గుంతలు నిండి, మరుగుదొడ్లు మునిగాక మగవాళ్లు ఏదో ఒక గట్టు చూసుకుంటారు. శిబిరానికి మూత్రంలో మంటతో వచ్చిన ఆడవాళ్లను "నీళ్లు సరిగా తాగుతున్నావా అమ్మా?" అని అడిగితే, "తాగితే పోవాలి కదమ్మా, పొద్దుగూకేదాకా ఎక్కడికి పోము?" అనే మాటే మళ్లీ మళ్లీ విన్నాను. తుఫాను షెల్టరులోనో, బడిలోనో వందల మంది ఉన్నచోట ఒకటి రెండు మరుగుదొడ్లుంటాయి. మొదటి రోజులలో యాభై మందికి ఒకటి, తరువాత ఇరవై మందికి ఒకటి చొప్పున ఉండాలని, ఆడవాళ్లకు మగవాళ్లకన్నా మూడింతలు కేటాయించాలని అవే ప్రమాణాలు చెబుతాయి. మీరు కట్టించగలిగింది ఎత్తైన చోట టార్పాలిన్, సరుగుడు బాదులు, లోపలి గడియ, ఒక సోలారు దీపంతో నాలుగు తాత్కాలిక గదులే కావచ్చు. చిన్న సంఘం చేయగలిగిన పనుల్లో దీనికన్నా ఎక్కువ మేలు చేసేది నాకు కనిపించదు. వాటితోపాటు శానిటరీ నాప్కిన్లు, కొత్త లోదుస్తులు, నైటీలు, లుంగీలు పంపండి. పాత బట్టలు మాత్రం దయచేసి పంపకండి. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో అవి రోడ్ల పక్కన కుప్పలుగా పడి, వాటిని ఎత్తిపోయడమే ఇంకో పనిగా మారింది.

జబ్బులు ఒక్కసారిగా రావు. విరేచనాలు మొదటి వారంలోనే మొదలవుతాయి, దోమల వల్ల వచ్చే జ్వరాలు తరువాతి వారాలలో బయటపడతాయి. పిల్లలకు ఓఆర్‌ఎస్‌తోపాటు జింకు మాత్రలు కూడా ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే ఎలుక జ్వరానికి ముందు జాగ్రత్తగా మందు ఎవరికి ఇవ్వాలో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే చెప్పాలి, మనం పంచిపెట్టరాదు. అందరూ మరిచిపోయేది బీపీ, షుగరు, మూర్ఛ మాత్రలు. ఇల్లు మునిగినప్పుడు మందుల చీటీ కూడా మునుగుతుంది, వారం రోజులు మాత్ర ఆగిన మనిషి వరద తగ్గేవేళకు పక్షవాతంతో ఆసుపత్రికి రావచ్చు. నెలలు నిండిన గర్భిణులను నీరు పెరగకముందే పట్టణం చేర్చడానికి, పాము కరిచిన మనిషిని ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తేవడానికి, ఒక పడవను రాత్రింబగళ్లు కిరాయికి మాట్లాడి పెట్టడం కూడా వైద్యంలో భాగమే.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, అడయారు

నేను కృష్ణా, గోదావరి డెల్టాలలో మురుగు కాలువల మీద పనిచేసి విరమించి, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో నీరు ఎందుకు నిలుస్తుందని నగరంలో చాలామంది అడుగుతారు. పక్కన సముద్రం ఉండటమే అందుకు కారణం. తీరంలో నేల వాలు అతి తక్కువ. డ్రెయిన్లలోని నీరు పాటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే, సముద్రంలోకి దిగుతుంది, పోటు వచ్చినప్పుడు వెనక్కి తంతుంది. అమావాస్యకో పౌర్ణమికో తుఫాను వస్తే, గాలి నెట్టిన నీరు, పెద్ద పోటు కలిసి మొగ దగ్గర, అంటే నీరు సముద్రంలో కలిసే చోట, దారి మూసేస్తాయి. దీనికి తోడు గుర్రపుడెక్క, డ్రెయిన్లను ఒరుసుకుంటూ వేసిన చేపల, రొయ్యల చెరువుల గట్లు, నీటిని వదలడానికి, ఆపడానికి కట్టిన, తలుపులు తుప్పుపట్టిన స్లూయిజులు. కొల్లేరు నీరంతా ఉప్పుటేరు ఒక్కదాని ద్వారానే సముద్రానికి చేరాలి. మీరు చెప్పే పులికాట్‌లోనూ అదే కథ: కాళంగి, ఆరణి నదుల వరద వచ్చి పడుతుంది, రాయదొరువు, కొండూరుపాలెం వద్ద ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడంతో బయటకు వెళ్లే దారి సన్నబడుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్లో నీటిని తోడించడానికి మోటార్లు కొనాలన్న ఆలోచన మీవంటి సంఘాలకు తప్పక వస్తుంది. చుట్టూ గట్టు లేనిచోట, బయటి మట్టం లోపలి మట్టంతో సమానంగా ఉన్నప్పుడు, తోడిన నీరు తిరిగి అక్కడికే వస్తుంది; డీజిలు ఖర్చు తప్ప ఫలితం ఉండదు. మొగ తవ్వడం ప్రభుత్వం చేయవలసిన పని.

మోటారు పనికివచ్చే చోటు మంచినీటి చెరువు. ఉప్పెన నీరు చెరువులో పడితే బ్లీచింగ్ ఎంత చల్లినా క్రిములు చస్తాయి గాని ఉప్పు పోదు. దానిని తోడించి, బురద తీయించి, కాలువ నీటితోనో వాననీటితోనో నింపుకోవాలి. బావుల విషయంలో మాత్రం తొందర కూడదు. తీరంలోని ఇసుక నేలల్లో తీపినీరు ఒక పలుచని పొరగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉత్సాహంగా అదేపనిగా తోడితే కింది ఉప్పు పైకి లేచి, బాగుపడవలసిన బావి నెలల తరబడి పనికిరాకుండా పోతుంది. ఒకసారి నెమ్మదిగా శుభ్రం చేసి వదిలేసి, అంతవరకు ట్యాంకరు నీటిపై ఆధారపడటమే మేలు.

ఇంకో మాట. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది పోయారు. ఆ తరువాత తుఫాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికలు మెరుగుపడ్డాయి, జనాన్ని ముందే తరలిస్తున్నారు, అందుచేత ఇప్పుడు మరణాలు బాగా తగ్గాయి. సంతోషమే. కాని మరణాల సంఖ్య చిన్నదైతే వార్త కూడా రెండు రోజుల్లో ముగుస్తుంది, వార్తతోపాటే దాతలూ వెళ్లిపోతారు. మీ సొమ్ములో సగమైనా పదో రోజు తరువాతకు దాచండి.

జవాబు: తడ ఆడపడుచు, అంబత్తూరు

పుట్టిల్లు తడ మండలం. 2022లో జిల్లాలు మారాక మేము నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. నర్సు గారు, ఇంజనీరు గారు చెప్పినవన్నీ నిజమే. నేను చెప్పాలనుకున్నది కూలి గురించి.

నీరు నిలిచిన రోజుల్లో వేట ఉండదు. వేట లేకపోతే పడవవాడికి మాత్రమే కాదు, గంపలో చేపలమ్మే ఆడమనిషికి, ఐసు కొట్టేవాడికి, వల అల్లేవాడికి, చేపలు ఎండబెట్టే ముసలమ్మకూ పని లేదు. పడవ పోతే సాయం వస్తుంది, కానీ ఎంత? 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన ప్రమాణాలలో పూర్తిగా పాడైన సంప్రదాయ పడవకు రూ. 15,000, పూర్తిగా పోయిన వలకు రూ. 4,000. ఇంజనుతో సహా ఒక ఫైబరు పడవ లక్షల్లో ఉంటుంది. మిగతా డబ్బు కోసం చేపలు కొనే వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు, ఆ తరువాత పట్టిన చేపంతా అతను చెప్పిన ధరకే అతనికే ఇవ్వాలి. తుఫాను నష్టం ఇలా ఏళ్లతరబడి సాగుతుంది.

పడవే లేనివాళ్ల పరిస్థితి దీనికన్నా అన్యాయం. మా వైపు యానాది కుటుంబాలు నడుము లోతు నీళ్లలో దిగి చేతులతో రొయ్యలు, పీతలు పట్టుకుని బతుకుతారు. కొందరు రొయ్యల చెరువుల గట్ల మీదే గుడిసె వేసుకుని కాపలా ఉంటారు. నష్టం రాసుకునే ఉద్యోగి పడవ అడుగుతాడు, వల అడుగుతాడు, పట్టా అడుగుతాడు. వీళ్ల దగ్గర చూపించడానికి ఏదీ ఉండదు. పెళ్లయిన కొడుకుల పేర్లు కూడా తండ్రి రేషన్ కార్డులోనే ఉంటే, మూడు కాపురాలకు ఒక్క సాయమే వస్తుంది. కాబట్టి మీ సంఘం ఊళ్లో అడుగుపెట్టగానే సర్పంచి ఇచ్చిన జాబితా తీసుకోండి, అయితే అక్కడితో ఆగకండి. ఊరి చివర గట్టు మీద ఎవరున్నారో నడిచి వెళ్లి చూడండి.

గేదెలను, మేకలను కూడా మరిచిపోకండి. వరిగడ్డి వాములు తడిసి కుళ్లిపోతాయి, మేత లేక కొందరు గేదెను సగం ధరకు అమ్ముకుంటారు. ఒక లారీ ఎండుగడ్డి ఆ సమయానికి చేరితే ఒక్కో ఇంట్లో పాడి నిలబడుతుంది.

జవాబు: టి.నగర్ పద్దుల మనిషి

వస్తువులు కొని మోసుకెళ్లడం కన్నా నగదు ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. సూళ్లూరుపేట, నాయుడుపేటలలో దుకాణాలు త్వరగానే తెరుచుకుంటాయి. చెన్నైలో కొని లారీకి కిరాయి కట్టే బదులు ఆ డబ్బు కుటుంబం చేతిలో పెడితే, ఒకరు మందు కొంటారు, ఒకరు ఇంటి కప్పు వేసుకుంటారు, స్థానిక దుకాణదారుడూ నిలబడతాడు. ఎవరికి ఏది అవసరమో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. బ్యాంకు ఖాతాలకు నేరుగా పంపితే లెక్కలూ స్పష్టంగా ఉంటాయి.

జవాబు: తడ ఆడపడుచు, అంబత్తూరు

అన్నగారూ, నగదు మంచిదే, కాని ఖాతాలో వేయకండి. కిస్తీ బాకీ ఉన్న ఖాతాలో డబ్బు పడగానే బ్యాంకు కోసుకోవచ్చు, కనీస నిల్వ లేదని కొంత పోవచ్చు. డ్వాక్రా సంఘం సమావేశంలో అందరి ఎదుట, ఇంటి ఆడమనిషి చేతికి ఇచ్చి సంతకం తీసుకోండి. పైగా ఇరకం దీవి వంటి చోట్లకు పడవ తప్ప దారి లేదు. గాలి తగ్గి పడవ కదిలేదాకా నోటు ఉన్నా కొనడానికి సరుకు ఉండదు, అలాంటి చోట మొదటి వారం బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు మోసుకెళ్లక తప్పదు. దారి తెరుచుకున్నాక నగదు ఇవ్వండి.

ప్రశ్న వేసినవారు: పెరంబూరు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. మాలో మాట్లాడుకుని ఒక మాట అనుకున్నాం. మొదటి వారానికి ట్యాంకరు, డబ్బాలు, తాత్కాలిక మరుగుదొడ్లు, పడవ కిరాయి. రెండో వారం దాటాక, పడవ లేని కుటుంబాలకు ముందుగా, చేతికి నగదు. పశుగ్రాసానికి కొంత విడిగా. ముందుగా గ్రామ సచివాలయానికి, తహసీల్దారు కార్యాలయానికి చెప్పి, ఇతరులు వెళ్లని పల్లె ఏదో తెలుసుకుని అక్కడికే వెళతాం. ఒక్క సందేహం మిగిలింది: వీటిలో ఏవి ఇప్పుడే కొని పెట్టుకోవచ్చు, ఏవి కొనకూడదు?

జవాబు: రాయపురం నర్సు

టార్పాలిన్లు, బాదులు, డబ్బాలు, సోలారు దీపాలు ఇప్పుడే కొనండి, తుఫాను కబురు వచ్చాక వాటి ధర పెరుగుతుంది. నాప్కిన్లు కూడా పొడిచోట నిలవ ఉంటాయి. ఓఆర్‌ఎస్, జింకు, క్లోరిన్ మాత్రలు గడువు తేదీ చూసి, వచ్చే సంవత్సరం కూడా పనికివచ్చేవి అయితేనే తీసుకోండి. బ్లీచింగ్ పౌడరు మాత్రం ముందుగా కొనకండి, తేమ తగిలితే దాని సత్తువ పోతుంది. తీసుకున్నప్పుడు తెరిచి చూసి, గడ్డకట్టినా, ఘాటు లేకపోయినా వెనక్కి ఇచ్చేయండి. పడవవాళ్ల ఫోను నంబర్లు ఈ నెలలోనే తీసుకుని, కిరాయి ఎంతో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.